ఎందుకో రాయడం నేర్పుదాం



ఏ ఊళ్లోనైనా సరే, ఏడో తరగతి పిల్లల తెలుగు నోట్సు ఒకటి తీసి చూడండి. ‘సెల్‌ఫోన్ – లాభనష్టాలు’ లాంటి వ్యాసం ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. ఉపోద్ఘాతం, లాభాలు అయిదు, నష్టాలు అయిదు, ముగింపు. చివర ‘కాబట్టి సెల్‌ఫోన్‌ను మంచి పనులకే వాడుకోవాలి’ అని ఒక వాక్యం. పక్క బెంచీ పిల్ల నోట్సులోనూ అవే లాభాలు, అవే నష్టాలు, అదే వాక్యం. బోర్డు మీది నుంచి ఎక్కించుకున్నదో, గైడులోంచి దించుకున్నదో. చేతిరాత ముత్యాల్లా ఉంది, అక్షరదోషాలు లేవు, పదికి తొమ్మిది మార్కులు పడ్డాయి. ఇప్పుడు ఆ పిల్లను దగ్గరకు పిలిచి ‘ఇంతకీ నీకు ఫోను ఇవ్వాలంటావా, వద్దంటావా? ఎందుకంటావు?’ అని అడగండి. దిక్కులు చూస్తుంది. తెలివి లేక కాదు, బళ్లో ఆ ప్రశ్న ఆమెను ఇంతవరకు ఎవరూ అడగలేదు గనక.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు ఎదుటివాళ్లు చెప్పిన మాటలో నిజమెంతో తూచి చూడడం రావాలి. తమ మాటకు కారణమూ ఆధారమూ చూపించడం రావాలి. చదివినవాళ్లు ఔననో కాదనో తేల్చుకోగలిగేటట్టు దాన్ని కాగితం మీద పెట్టడం రావాలి. ఇది నేర్పే భారమంతా తెలుగు మాస్టారి నెత్తిన పెడితే సరిపోదు. లెక్కల టీచరుకు ఇందులో వాటా ఉంది, సైన్సు టీచరుకు ఉంది, హెడ్మాస్టరుకు ఉంది. రాత్రి అన్నం పెడుతూ కబుర్లు చెప్పే అమ్మకూ, పొద్దున్నే పేపరు తిరగేసే తాతయ్యకూ ఉంది.

ఈ వయసే ఎందుకంటారా? పదకొండేళ్ల నుంచి పద్నాలుగేళ్ల మధ్య పిల్లలున్న ఏ ఇల్లు చూసినా పొద్దస్తమానం వాదనలే. ‘అన్నయ్యకో న్యాయం, నాకో న్యాయమా?’ ‘నిన్న సరేనని ఇవాళ వద్దంటావేం?’ ‘మా క్లాసులో అందరికీ సైకిలుంది, నాకే లేదు.’ ఈ మూడు మాటల్లోనూ తర్కం ఉంది. మొదటిది అందరికీ ఒకటే కొలత ఉండాలంటోంది. రెండోది మాట మార్చడాన్ని పట్టుకుంటోంది. మూడోది ఆధారం చూపిస్తోంది, కాకపోతే ‘అందరికీ అంటే ఎంతమందికి? లెక్కపెట్టావా?’ అని అడిగితే ఆ ఆధారం నిలవదు. అలా అడిగి, లెక్కపెట్టి రమ్మని పంపాల్సిన చోట మనం ‘పెద్దంతరం చిన్నంతరం లేకుండా ఎదురు చెబుతావా’ అని నోరు మూయిస్తున్నాం. తొమ్మిదిలోకి వస్తే పదో తరగతి మార్కుల ధ్యాస, ఆపైన ఎంట్రన్సుల ధ్యాస. ఈ మూడేళ్లు దాటిపోతే మళ్లీ తీరిక దొరకదు.

చట్టం కూడా మన వైపే ఉంది. 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టంలో 29వ సెక్షను తీసి చదవండి. పిల్లలకు బళ్లో భయమూ ఆందోళనా లేకుండా చూడాలనీ, తమ అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పేలా వాళ్లకు తోడ్పడాలనీ అందులో ఉంది. మరుగుదొడ్డి లేకపోతే, ప్రహరీ గోడ లేకపోతే అదే చట్టం పేరు చెప్పి అర్జీలు పెడతాం, పెట్టాలి కూడా. మన పిల్లల అభిప్రాయం బళ్లో వినబడడం లేదని ఎవరమైనా ఎన్నడైనా అర్జీ పెట్టామా?

ఇదేదో పరాయి దేశం నుంచి తెచ్చుకోవలసిన విద్య అనుకోవద్దు. 17వ శతాబ్దంలో ‘తర్కసంగ్రహం’ రాసిన అన్నంభట్టు తెలుగువాడు. పిల్లలకు సులువుగా తెలియడం కోసం రాస్తున్నానని మొదట్లోనే చెప్పుకున్నాడాయన. అందులోని పాఠం ఏడో తరగతికి చక్కగా సరిపోతుంది. కొండ మీద నిప్పుంది, అది ప్రతిజ్ఞ. పొగ కనబడుతోంది కాబట్టి, అది హేతువు. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లో చూడలేదా, అది ఉదాహరణ. ఈ కొండ మీద ఉన్నదీ అలాంటి పొగే, అది ఉపనయం. కాబట్టి నిప్పుంది, అది నిగమనం. పేర్లు బట్టీ పట్టించక్కర్లేదు. పిల్లలకు పట్టుబడాల్సింది మధ్యలోని లంకె, ‘పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది’ అన్న మాట. మన వాదనలు చాలా వరకు చెడిపోయేది అక్కడే, ఎందుకంటే ఆ లంకెను మనం పైకి చెప్పం. ‘వాడి బూట్లు చూశావా, వాళ్లు బాగా డబ్బున్నవాళ్లు’ అంటాడొక కుర్రాడు. ఖరీదైన బూట్లున్న వాళ్లందరూ డబ్బున్నవాళ్లేనన్న మాట అందులో దాక్కుని ఉంది. దాన్ని బయటికి లాగి రాయమంటే, రాస్తుండగానే వాడికి అనుమానం వస్తుంది. మేనమామ కొనిచ్చి ఉండొచ్చుగా? అరకు లోయలో పొద్దున్నే పైకి లేచేదంతా పొగేనా, మంచు కావచ్చు కదా? ఈ అనుమానం పుట్టించగలిగితే చాలు, పాఠం సగం చెప్పేసినట్టే.

షికాగో విశ్వవిద్యాలయంలో ఏళ్ల తరబడి టీచర్లకు శిక్షణ ఇచ్చిన జార్జ్ హిల్లాక్స్ ఆరు నుంచి పన్నెండు తరగతుల కోసం 2011లో ఒక పుస్తకం రాశారు. అందులో పిల్లలకు ఇచ్చేది ఒక బొమ్మ. మెట్ల కింద ఒక మనిషి చనిపోయి పడున్నాడు. కాలు జారి పడ్డాడని అతని భార్య చెబుతోంది. అతని చేతిలో గాజు గ్లాసు అలాగే ఉంది. జారి పడేవాడు ఏం చేస్తాడు? చేతిలోది వదిలేసి ఏదో ఒకటి పట్టుకోబోతాడు. అన్నంభట్టు చెప్పిన లంకె ఇదే. హిల్లాక్స్ పట్టుబట్టింది ఒక్క విషయానికి. ముందు అభిప్రాయం చెప్పించి తర్వాత ఆధారాలు వెతికించవద్దు, ముందు ఆధారాలు చూపించి వాటిలోంచి అభిప్రాయం పుట్టనివ్వండి. మన వ్యాసరచన పోటీలు నడిచేది సరిగ్గా ఇందుకు తలకిందులుగా. అంశం ఇవ్వడంలోనే తీర్పు ఇచ్చేస్తాం. ‘చెట్లు నాటవలసిన ఆవశ్యకత’ అని బోర్డు మీద రాశాక పిల్లలు ఆలోచించడానికి ఇంకేం మిగిలింది?

బొమ్మ దొరకలేదని ఆగిపోవద్దు. మన పిల్లలకు బేతాళ కథలున్నాయి. 1947 జులైలో మొదలైన ‘చందమామ’ వాటిని మూడు తరాల చేత చదివించింది. ప్రతి కథ చివరా బేతాళుడు ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు, విక్రమార్కుడు మౌనం వీడి జవాబిస్తాడు. ఆ జవాబు ఎప్పుడూ ఉత్త తీర్పు కాదు, కారణాలతో కూడిన తీర్పు. కథను ప్రశ్న దాకా చదివి పుస్తకం మూసేయండి. ‘మీరే విక్రమార్కులు. జవాబు రాయండి, కారణం కథలోంచే చూపించాలి’ అనండి. నలభై మందిలో పాతికమంది ఒకలా, పదిహేనుమంది ఇంకోలా రాస్తారు. రెండు వైపుల నుంచి ఇద్దరేసి చేత చదివించండి. అప్పుడు ‘అవతలివాళ్లు చెప్పినదాంట్లో మీకు నచ్చిన మాట ఒకటి రాసి, అది ఎందుకు సరిపోదో కింద రాయండి’ అనండి. చివరికి పుస్తకం తెరిచి విక్రమార్కుడి జవాబు చదవండి. దాన్నీ తప్పుపట్టనివ్వండి. రాజుగారి తీర్పులో లోపం చూపించిన పిల్లకు ఆ రోజు తరగతిలో చప్పట్లు కొట్టించండి.

రెండో వారం కథలోంచి బయటికి రండి. మధ్యాహ్న భోజనం దగ్గర అన్నం పారబోస్తున్నారని ప్రతి బళ్లోనూ వినే మాటే. ఎందుకు పారబోస్తున్నారని అడిగితే తలా ఒకటి చెబుతారు. ఈ కాలం పిల్లలకు కూరగాయలు గిట్టవని ఒకరు, వంట బాగుండదని ఒకరు, బయట చిరుతిళ్లు తిని వస్తున్నారని ఇంకొకరు. ఎనిమిదో తరగతి పిల్లలను నలుగురేసి జట్లుగా చేసి అయిదు రోజులు చేతులు కడిగే కుళాయిల దగ్గర నిలబెట్టండి. ఆ రోజు కూరేమిటి, ఎన్ని కంచాల్లో అన్నం మిగిలింది, గంట కొట్టేసరికి ఎంతమంది ఇంకా తింటున్నారు, ఇవి రాసుకోమనండి. వంటచేసే అక్కయ్యలనూ అడగమనండి. శనివారం ఆ కాగితాలు ముందు పెట్టుకుని ఒక్కొక్కరూ ఒక పేరా రాయాలి. గుడ్డు పెట్టిన రోజు కూడా మిగిలిందంటే కూరగాయలన్న కారణం నిలబడదు. వరసలో చివర నిలబడే ఆరో తరగతి పిల్లల కంచాల్లోనే ఎక్కువ మిగిలితే వాళ్లకు తినే సమయం చాలడం లేదేమో ఆలోచించాలి. ఆ పేరాను హెడ్మాస్టరుకు ఉత్తరంగా మార్చమనండి. ‘భోజనం గంట ఆరో తరగతికి పది నిమిషాలు ముందు కొట్టాలని కోరుతున్నాం, ఎందుకంటే’ అని మొదలవుతుంది అది. హెడ్మాస్టర్లకు ఒక మనవి. ఆ ఉత్తరానికి జవాబు రాతపూర్వకంగా ఇవ్వండి. కుదరదనుకుంటే ఎందుకు కుదరదో రాయండి. తమ రాతకు పెద్దవాళ్లు కారణంతో జవాబిచ్చారన్న అనుభవాన్ని పిల్లలకు ఏ బహుమతీ ఇవ్వజాలదు.

లెక్కల టీచర్లూ, మీ వంతు. పరీక్షల ఫలితాలు వచ్చిన మర్నాడు పేపర్ల మొదటి పేజీల నిండా ర్యాంకుల ప్రకటనలే. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అంటూ ఫొటోలు. అలాంటి ప్రకటన ఒకటి తరగతికి తీసుకెళ్లి ‘ఇందులో చెప్పినదేమిటి? చెప్పనిదేమిటి?’ అని రాయించండి. మొత్తం ఎంతమంది చేరారో అందులో ఉండదు. ఎంతమంది మధ్యలో మానేశారో ఉండదు. ఆ ర్యాంకరు అక్కడ ఎన్నేళ్లు చదివాడో ఉండదు. వెయ్యిమందిలో పదిమందికి రావడమూ, వందమందిలో పదిమందికి రావడమూ ఒకటేనా అని అడిగితే శాతాల పాఠం కూడా అయిపోతుంది. ఆ పిల్లలే సాయంత్రం ఇంటికెళ్లి నాన్నను అదే ప్రశ్న అడుగుతారు. లక్షలు ఫీజు కట్టబోయే నాన్నకు ఆ ప్రశ్న ఎంత అవసరమో వేరే చెప్పాలా?

మాటను తూచి చూడకపోతే ఏమవుతుందో 2018లో చూశాం. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు వచ్చాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ, దేశంలో మరికొన్ని చోట్లా ఏ పాపం తెలియని దారినపోయే వాళ్లను గుంపులు పట్టుకుని కొట్టాయి. ప్రాణాలు పోయాయి. గద్వాల జిల్లాలో పోలీసులు ఊరూరా తిరిగి, పాటలు పాడించి మరీ జనానికి నచ్చజెప్పవలసి వచ్చింది. ఆ ఏడాది జులైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. కట్టడి ఫోనుకే పెట్టగలిగాం, అలవాటుకు కాదు. ఆ సందేశాలు అందుకున్న వాళ్లు ‘ఎవరు చూశారు? ఎక్కడ? ఎప్పుడు?’ అని అడగకుండానే పక్కవాళ్లకు పంపారు. ఆ మూడు ప్రశ్నలు ఏడో తరగతిలోనే అలవాటు చేయాలి.

అక్షరానికి ఆలోచన తోడైతే ఏం జరుగుతుందో కూడా మన గడ్డ మీదే చూశాం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. దూబగుంటలో ఆడవాళ్లు పగలంతా పనిచేసి రాత్రి బడికి వచ్చారు. అక్కడ పాఠం గుణింతాలతో ఆగిపోలేదు. మన బతుకులు ఎందుకిలా ఉన్నాయి, కూలి డబ్బులు ఎటు పోతున్నాయి అని మాట్లాడుకున్నారు. కారణం సారా దుకాణంలో కనబడింది. దాన్ని మూయించారు. వాళ్లకు ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. పక్క ఊళ్లు, పక్క జిల్లాలు కదిలాయి. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. చిన్నప్పుడు బడి మెట్లెక్కని తల్లులు అంత పని చేశారు. ఎనిమిదేళ్లు బళ్లో కూర్చోబెట్టిన పిల్లల నుంచి మనం ఎంత ఆశించాలి?

కాదనేవాళ్ల మాట కూడా వినాలి. పూర్వపక్షం చెప్పకుండా సిద్ధాంతం చెప్పకూడదని కదా మన పద్ధతి. సిలబస్ పూర్తిచేయడానికే టైం చాలడం లేదంటారు కొందరు టీచర్లు. నిజమే. అదనంగా పీరియడ్ పెట్టమని ఎవరూ అడగడం లేదు. వాచకంలో పాఠం చివర స్వీయరచన ప్రశ్నలు ఉండనే ఉన్నాయి. వాటికి గైడు జవాబు రాయించే సమయంలోనే సొంత జవాబు రాయించవచ్చు. నెలకు ఒక్క ప్రశ్న చాలు. నలభై పేపర్లు దిద్దడం కష్టమంటే, ఒకరిది ఒకరి చేత చదివించి ‘కారణం ఎక్కడుంది? ఆధారం ఎక్కడుంది?’ అని గీతలు గీయించండి. మార్కులు వేసేటప్పుడు పదిలో నాలుగు కారణానికి, మూడు ఆధారానికి, రెండు అవతలి మాట చెప్పినందుకు, ఒక్కటి అక్షరదోషాలు లేనందుకు వేయండి. మనం దేనికి మార్కులు వేస్తామో పిల్లలు అదే నేర్చుకుంటారు.

పిల్లలు పెద్దలకు ఎదురు తిరుగుతారని భయపడేవాళ్లున్నారు. కారణం చెప్పడం నేర్పకపోయినా పిల్లలు ఎదురు తిరుగుతూనే ఉన్నారు. తలుపు ధడాలున వేసుకుంటున్నారు, అన్నం మానేస్తున్నారు. ‘నాకిది కావాలి, ఎందుకంటే’ అని కాగితం మీద రాసి తెచ్చే కొడుకుతో మాట్లాడడం సులువు. పైగా అవతలివాళ్ల మాటను సరిగ్గా చెప్పగలగడం ఈ చదువులో భాగం. మీరు ఎందుకు వద్దంటున్నారో మీ కూతురు మీకన్నా బాగా రాసిన రోజున ఆమె మీద గౌరవం పెరుగుతుంది గాని తగ్గదు.

ఇక భాష. రెండు రాష్ట్రాల్లోనూ సర్కారు బళ్ల దాకా ఇంగ్లిషు మీడియం వచ్చింది. దాని మంచిచెడ్డలు అలా ఉంచండి. ఆలోచన మాత్రం ఇంటి మాటలోనే ముందు కదులుతుంది. మొదట తెలుగులో మాట్లాడనివ్వండి, తెలుగులో రాయనివ్వండి, తర్వాత ఇంగ్లిషులోకి మార్చుకోనివ్వండి. కోయ, గోండు, సవర పిల్లలను వాళ్ల మాటలోనే మొదలుపెట్టనివ్వండి. పర్లాకిమిడిలో టీచరుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని ఆ పిల్లల కోసం ఆ భాషలోనే పుస్తకాలు తయారుచేశారు. అదే గిడుగువారు వ్యావహారిక భాష కోసం పోరాడిన తీరు పిల్లలకు చెప్పండి. గ్రాంథికాన్ని వెనకేసుకొచ్చిన పండితులు వ్యాకరణం పేరు చెప్పినప్పుడు, ఆయన వాళ్ల రాతల్లోంచే, పాత గ్రంథాల్లోంచే ప్రయోగాలు ఏరి ముందు పెట్టారు. అదే పక్షాన నిలిచిన గురజాడ అప్పారావుగారు మద్రాసు విశ్వవిద్యాలయం సంఘంలో ఎక్కువమంది ఒప్పుకోకపోయినా 1914లో తన అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. మరుసటేడు కన్నుమూశారు. ఆనాడు ఆ వాదన నెగ్గలేదు. ఇవాళ మన పిల్లల సైన్సు, సోషల్ పుస్తకాలన్నీ ఆ వాదన వైపే ఉన్నాయి.

అమెరికాలో ఉన్న తెలుగు తల్లిదండ్రులకూ ఒక మాట. 2010లో అక్కడ వచ్చిన కామన్ కోర్ ప్రమాణాల్లో ఆరో తరగతి రచనకు మొదటి అంశమే స్పష్టమైన కారణాలతో, తగిన ఆధారాలతో వాదన రాయడం. మీ పిల్లలు ఇంగ్లిషులో నేర్చుకుంటున్న ఆ పనిని తెలుగులో కూడా చేయించండి. ఈ వేసవిలో ఇండియాకు రావాలా వద్దా అని కారణాలతో అమ్మమ్మకు ఒక ఉత్తరం రాయించండి. అమ్మమ్మ జవాబు కూడా కారణాలతోనే వస్తుంది.

పత్రికల వాళ్లు పిల్లల పేజీల్లో పొడుపుకథలూ రంగులు వేసే బొమ్మలూ ఇస్తున్నారు, సంతోషం. వారానికి ఒక ప్రశ్న, దానికి రెండు వైపులా ఇద్దరు పిల్లలు రాసిన నూరేసి మాటలు కూడా వేయండి. గ్రంథాలయాల వాళ్లు నవంబరు వారోత్సవాల్లో వక్తృత్వ పోటీతో పాటు ఒక రాత పోటీ పెట్టండి, అంశం తీర్పులా కాకుండా ప్రశ్నలా ఉండాలి. సర్పంచులూ, వార్డు మెంబర్లూ, పిల్లలు ఊరి చెరువు గురించో, బడి దారిలో వీధిదీపం గురించో కారణాలు రాసి తెస్తే తీసుకుని చదవండి, గ్రామసభలో వినిపించండి.

ఈ శనివారం బాలసభలో మొదలుపెడదాం. ‘ఆదివారం హోంవర్కు ఇవ్వాలా?’ అని బోర్డు మీద రాయండి. అరగంట సమయం, ఒక్క తెల్లకాగితం, గైడు లేదు. టీచరుగారూ, మీరు కూడా వాళ్ల మధ్య కూర్చుని మీ కాగితం మీరు రాయండి. అన్నీ ఒకే గోడకు అంటించి, మీ కాగితానికి జవాబు రాసే హక్కు పిల్లలకు ఇవ్వండి.